నాయనమ్మ మేకసూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:
మాపటి సంది అరుస్తాంది, తోక నిలుస్తలేదు; పొద్దుగాల పోతు కాడికి కొట్టుకపో.

అవతారిక: రాత్రి బువ్వ తిన్నాక, దొడ్డి వైపు ఒకసారి చెవి పెట్టి, మా నాయనమ్మ నాకు ఉపదేశించిన సూత్రమిది.

ప్రతిపదార్థం: మాపటి సంది = సాయంకాలం మొదలుకొని; అరుస్తాంది = మానకుండా పిలుచుచున్నది; తోక నిలుస్తలేదు = వాలము క్షణమైనా స్థిరముగా ఉండుట లేదు; పొద్దుగాల = తెల్లవారగానే; పోతు కాడికి = మేకపోతు సన్నిధికి; కొట్టుకపో = తోలుకొని పొమ్ము. ‘కొట్టు’ ధాతువుకు ఇక్కడ తాడనార్థం చెప్పరాదు. చెప్పినవాడికి మేకలు కాచిన అనుభవం లేదు.

విశేషాలు: కర్తృపదం లేదు. దొడ్డిలో ఏడు మేకలున్నా అరిచేది నల్లమేక ఒక్కటే కనుక అధ్యాహారం సులభం. ‘సంది’ అనగా నుంచి. దీనిని ‘సంధి’ అని దిద్దబోయే పండితులకు మనవి: సంధి జరగవలసింది రేపు.

‘ఆకలితో అరవవచ్చు కదా’ అని పూర్వపక్షం. కాదు. తుమ్మకాయలు ముందు పోసినా ఈ మేక మూతి పెట్టలేదు. మాటిమాటికీ మూత్రం పోస్తోంది, పక్క మేకల మీదికెక్కుతోంది, మానం వాచి జిగట కారుతోంది. ఇవన్నీ ఎద లక్షణాలు. ఆకలిగొన్న మేక తోకను ఇలా విసనకర్ర చేయదు.

‘పొద్దుగాల’ అన్న పదం ఈ సూత్రానికి ప్రాణం. ఇప్పుడే ఎందుకు పోకూడదు? ఎద ఒకటి నుంచి రెండు రోజులుంటుంది. అండం విడుదలయ్యేది దాని చివరి భాగంలో. అందుచేత మాపు మొదలైన ఎదకు పొద్దున, పొద్దున మొదలైనదానికి మాపున పోతును చూపాలి. 12 గంటల తర్వాత మరొకసారి చూపితే మరీ మంచిది. కావ్యంలో పునరుక్తి దోషం, దొడ్డిలో గుణం.

‘పోతు కాడికి’: లోకంలో వరుడే తరలివస్తాడు, ఇక్కడ విపర్యయం. మేకపోతు గాంభీర్యం అని ఊరికే అనలేదు. తన గడ్డం మీద తానే మూత్రం పోసుకొని కూడా అది చెక్కుచెదరదు. ఆ కంపును తక్కువ చేయరాదు. 2014లో జపాన్ పరిశోధకులు పోతుల తలలకు టోపీలు కట్టి ఆ వాసనను పట్టి, అందులోని 4-ఇథైల్ ఆక్టనాల్ అనే పదార్థం ఆడమేక మెదడులో ఎదను నడిపే కేంద్రాన్ని కదిలిస్తుందని కనిపెట్టారు. మూడు వారాలైనా పోతు పొడ, వాసన లేని మేకలకు హఠాత్తుగా పోతు ఎదురైతే చాలా వాటికి వారం పది రోజుల్లో ఎద వస్తుంది. పక్కవాడకు కొత్త పోతు వచ్చింది పోయిన వారమే. ఆ మాట నాయనమ్మ చెప్పలేదు, వ్యంగ్యం.

ఇక ‘ఋతువు’ విచారం. ఈ పదానికి రెండర్థాలు. స్విట్జర్లాండు సానెన్ మేకకు రెండూ ఒకటే: శరత్తులో పగలు కురచబడితేనే అది ఎదకొస్తుంది. మన దక్కను మేక పంచాంగం చూడదు, మేత చూస్తుంది. వానలు పడి ఆకు పచ్చబడితే సంవత్సరంలో ఎప్పుడైనా సరే. పోతును కలపడానికి రెండు మూడు వారాల ముందు దాణా పెంచితే కవలలకు అవకాశం పెరుగుతుంది. పక్షం రోజులుగా మక్కనూక ఎక్కడికి పోతోందో నాకిప్పుడు బోధపడింది.

కట్టిన నాటికి ఇంచుమించు 150 రోజులు కూడితే ఈనే నాడు. ఇది జ్యేష్ఠం గనుక కార్తీకం. పిల్లలు వానలో నానవు, తల్లికి ఆకు దొరుకుతుంది. అదే మాఘంలో కట్టిస్తే ఆషాఢపు తడిలో సగం పిల్లలు దగ్గుతూ పెరుగుతాయి. నాయనమ్మకు ఈ లెక్క వేళ్ల కణుపుల మీద ఉంటుంది.

తాత్పర్యం: ఎదకొచ్చిన మేకను సమయం దాటకముందే పోతు దగ్గరికి తీసుకుపోవాలని భావం.

అనుబంధం: టీక ముగించి తలెత్తేసరికి రెండో పొద్దు గుంకింది. దొడ్డిలో చప్పుడు లేదు. నల్లమేక తీరిగ్గా తుమ్మకాయలు నములుతోంది, తోక నిశ్చలం. నాయనమ్మ నా కాగితాలను చూసి రెండో సూత్రం పలికింది:

‘ఇగ ఇరవై ఒక్క దినాలు రాసుకో, బిడ్డా.’

దీనికి టీక అవసరం లేదు.