కరాటే ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

మూలం: వేసవి సెలవుల్లో కరాటే నేర్చుకోండి! ఆత్మరక్షణ మీ చేతుల్లోనే! బ్లాక్ బెల్ట్ మాస్టర్‌చే శిక్షణ. మొదటి 20 మందికి డ్రెస్సు ఉచితం. ఉ. 6 నుండి 7 వరకు, హైస్కూల్ గ్రౌండ్.

అవతారిక. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. పై మూలానికి టీక రాయబూనిన పండితుడు ఆ ఒట్టులో మొదటి సగమే స్వీకరించాడు. ఏప్రిల్ రాగానే కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య వెలిసే ఈ శాసనానికి కర్త ఎవరో తెలియదు. ఏ ఊళ్లో చూసినా పాఠం ఇంచుమించు ఇదే. ఫోను నంబరు మాత్రం మారుతుంది.

మంగళాచరణం. ఫ్లెక్సీ నెత్తిన గాల్లోకి ఎగిరి కాలు చాచిన బ్రూస్ లీ ఉంటాడు. గ్రంథారంభంలో ఇష్టదేవతను తలుచుకోవడం శాస్త్రసమ్మతమే. చిక్కల్లా, ఆయన హాంకాంగ్‌లో ఇప్ మాన్ దగ్గర నేర్చింది వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ. 1967లో తన పద్ధతికి పెట్టుకున్న పేరు జీత్ కున్ దో. అంటే వైష్ణవ గ్రంథానికి శైవ మంగళాచరణం చేసినట్టయింది. అయినా 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ మన హాళ్లకు చేరాక తన్నులన్నిటికీ ఆయనే అధిదేవత. రూఢి అనుకుని వదిలేయాలి. ఇక గాల్లోకి ఎగరడమంటారా, దానికి తెలుగువాళ్లు ఏనాడో పేరు పెట్టారు: నేల విడిచి సాము.

‘కరాటే’. వ్యాకరణం కాస్త వచ్చినవాడు ఈ మాట చూడగానే కర, ఆటే అని విరుస్తాడు. చేతితో ఆడే ఆటే అని అర్థం లాగుతాడు. కర సంస్కృతం, ఆట తెలుగు. రెండూ కలిస్తే వైరి సమాసం. కొట్లాట విద్యకు ఇంతకన్నా తగిన సమాసం దొరుకుతుందా అని మురిసిపోతాడు కూడా. అంతా తప్పు. జపాను భాషలో చెయ్యి అంటే ‘తే’. ‘కర’ అంటే ఖాళీ. మన పండితుడికి చెయ్యిగా కనబడిన చోట వాళ్లకు ఉన్నది శూన్యం. కరాటే అంటే వట్టిచెయ్యి.

ఇందులోనూ ఒక పాఠభేదం ఉంది. ఈ విద్య పుట్టిన ఒకినావా దీవుల్లో మొదట ‘చీనా చెయ్యి’ అనే అర్థమిచ్చే అక్షరం రాసేవారు. ఉచ్చారణ అదే, అక్షరం వేరు. బడిపంతులు గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చి, అక్కడే ఉండిపోయి విద్యను వ్యాపింపజేశాడు. 1935లో వేసిన పుస్తకంలో ‘ఖాళీ’ అక్షరమే వాడాడు. మరుసటి ఏడు అక్టోబరు 25న నాహా పట్టణంలో పెద్ద గురువులు సమావేశమై ‘చీనా’ను కొట్టేసి ‘ఖాళీ’ని ఖాయం చేశారు. చైనా మీదికి జపాను కాలుదువ్వుతున్న రోజులవి. ఈ పాఠ పరిష్కరణకు కారణం ఒక్క వేదాంతమేనని టీకాకారుడు నమ్మడు.

‘నేర్చుకోండి’. ఏమి? మొదట లెక్క. ఇచ్చి, ని, సాన్, షి, గో, రోకు, షిచ్చి, హచ్చి, క్యూ, జూ: ఒకటి నుంచి పది దాకా జపాను అంకెలు. ఏడేళ్ల పిల్లలు గ్రౌండు దద్దరిల్లేలా వీటిని అరుస్తుంటే, మనవణ్ణి దించడానికొచ్చి గేటు దగ్గర నిలబడ్డ తెలుగు మాస్టారికి చిన్నయసూరి గుర్తొస్తాడు. ‘ఇచ్చి’ క్త్వార్థకం, ఇవ్వడమనే పని ముందు జరిగిపోవాలని భావం. ఇక్కడ ఫీజు అని అధ్యాహారం. ‘ని’ ద్వితీయా విభక్తి, చిత్రంగా జపానులోనూ అది రెండే. ‘హచ్చి’ జలుబు చేసినవాడి పలుకు. ‘జూ’ బహదూర్‌పురాలో ఉంది.

లెక్క వచ్చాక నిలబడటం. గుర్రమెక్కినవాడిలా కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, నడుం నిటారుగా ఉంచే భంగిమ కిబా దాచి. కాసేపటికే తొడలు మండుతాయి. చూడటానికొచ్చిన అమ్మమ్మ పూర్వపక్షం చేసింది: “బళ్లో గోడకుర్చీ వేయిస్తే మీ నాన్న గొడవకెళ్లాడు గదరా, ఇక్కడ డబ్బిచ్చి వేయిస్తున్నాడేమిటి?” సమాధానం: గోడకుర్చీకి వెనక గోడైనా ఉంటుంది.

ఆ తర్వాత కటా. మన ప్రాచీన పద్యాల్లో ఇది శోకార్థకం, అయ్యో అని. కరాటేలో మాత్రం ఊహలోని శత్రువుతో ఒక వరుసలో వేసే అడుగులు, కాపులు, దెబ్బలు. అంకో ఇతోసు అనే గురువు గత శతాబ్దం తొలి ఏళ్లలో ఒకినావా బడిపిల్లల కోసం ఐదు చిన్న కటాలు కూర్చాడు. పినాన్ అని వాటి పేరు. ఫునకోషి పరంపరవారు హెయాన్ అంటారు. ఈ విద్యకు అవి పెద్దబాలశిక్ష. నిజానికి కరాటే రహస్య విద్యగా కాక పిల్లల వ్యాయామంగా బతికి బట్టకట్టింది బళ్ల వల్లే. కాబట్టి హైస్కూల్ గ్రౌండ్ అనే స్థలనిర్దేశం ఎంతో ఉచితంగా ఉంది. అదే కటా వందోసారి చేస్తున్న పిల్లవాడి ముఖం చూస్తే మాత్రం తెలుగు అర్థమే సరైనదనిపిస్తుంది.

‘ఆత్మరక్షణ మీ చేతుల్లోనే’. మూలంలో అన్నిటికన్నా బరువైన వాక్యం, అన్నిటికన్నా సందేహాస్పదమైన వాక్యమూ ఇదే. చివరి ‘ఏ’ అవధారణార్థకం. చేతుల్లో మాత్రమే, మరెక్కడా కాదు అని తేలుతుంది. టీకాకారుడికి ఈ ఏకారంతోనే పేచీ. ఆత్మరక్షణ మొదట కళ్లలో, తర్వాత గొంతులో, ఆ తర్వాత కాళ్లలో ఉంటుంది. అన్నీ అయ్యాకే చేతుల్లోకి వస్తుంది. పరిగెత్తడానికి దారి ఉన్నప్పుడు పరిగెత్తడం అన్ని సంప్రదాయాల్లోనూ ఉత్తమ విద్య. కానీ పరుగు బొమ్మ వేస్తే ఫ్లెక్సీకి అందం రాదు.

గొంతు సంగతి. దెబ్బతోపాటు కడుపులోంచి అరిచే అరుపును కియాయ్ అంటారు. ఆడపిల్ల గొంతు వీధిలోకి వినబడకూడదని పెంచిన ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు మొదటి వారం ఈ అరుపు నోట రాదు. పిడికిలి గుద్దుకన్నా ముందు నేర్చుకోవలసింది దీన్నే. చెయ్యి పట్టుకున్నవాడి పట్టు విడిపించుకోవడానికి బలం చాలదు, సందు తెలియాలి: వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ నడుమ ఉన్న ఖాళీ వైపు మణికట్టు తిప్పి లాగాలి. ఇది రావడానికి రంగు బెల్టులు అక్కర్లేదు. కొన్ని రోజులు పదిమందితో నిజంగా పట్టించుకుని సాధన చేస్తే చాలు.

ఆక్షేపం: అయితే ఇదంతా ఉపయోగపడుతుందన్న ఆధారమేది? ఉంది. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడు చదివే 893 మంది అమ్మాయిలతో చేసిన పరీక్ష ఫలితాలు 2015లో వైద్య పత్రికలో వచ్చాయి. మూడేసి గంటల చొప్పున నాలుగు పాఠాలు, మొత్తం 12 గంటల శిక్షణ. ఏడాది తిరిగేసరికి, శిక్షణ లేనివారిలో 9.8 శాతం మంది అత్యాచారానికి గురైతే, పొందినవారిలో అది 5.2 శాతం. అయితే ఆ 12 గంటల్లో కాళ్లూ చేతులూ ఆడించినది కొంతసేపే. మిగిలినదంతా ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తెలిసినవాడైనా సరే మొహం మీదే కాదనడం, కాదన్నాక మెత్తబడకపోవడం. మన దేశంలో జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లోనూ అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు ఎరిగినవాడే. ఫ్లెక్సీ మీది ఎగిరే తన్ను చీకటి సందులోని అపరిచితుడి కోసం. చుట్టరికం చెప్పుకుని సోఫాలో దగ్గరగా జరిగేవాడికి అది తగలదు. అక్కడ అడ్డుపడేది కండబలం లేకపోవడం కాదు, మొహమాటం. ఆ శత్రువును కొట్టే కటా ఏ గ్రౌండులో నేర్పితే అక్కడికి పిల్లలను పంపాలి. ప్రభుత్వ బళ్లలో ఆరు నుంచి పన్నెండు తరగతుల బాలికలకు రాణి లక్ష్మీబాయి పేరిట మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఉంది. అందులోనూ గుద్దులతో సమానంగా ఈ పాఠానికి గంటలు కేటాయించమని తల్లిదండ్రులు అడగవచ్చు.

ధర్మశాస్త్రం. రక్షణకు హద్దుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. అందులో 37వది కీలకం: కాచుకోవడానికి ఎంత అవసరమో అంతే, అంతకు మించి హాని చేయకూడదు, పోలీసుల దగ్గరికి వెళ్లే వ్యవధి ఉంటే ఆ హక్కే రాదు. కింద పడినవాణ్ణి మరో రెండు తన్నితే ఆ రెండూ రక్షణ పద్దులో చేరవు. ఈ సెక్షన్ గురించి మాస్టర్ ఒక్క ఆదివారం మాట్లాడినా ఫీజు గిట్టుబాటయినట్టే. 112కు ఫోన్ చేయడం కూడా చేతులతో చేసే పనే గనుక, మూలంలోని ఏకారాన్ని అంతమటుకు సమర్థించవచ్చు.

అలంకారం. కరాటే పోటీలో కొట్టడమూ తప్పే అవుతుంది, ఇది విరోధాభాస. ఉదాహరణ: 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో సౌదీకి చెందిన తారిగ్ హమేది 4-1 ఆధిక్యంలో ఉండి, ఇరాన్ వీరుడు సజ్జాద్ గంజ్‌జాదే తలకు తన్ను తగిలించాడు. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. మితిమీరి కొట్టినందుకు హమేదిపై వేటు పడింది. పడిపోయినవాడికి బంగారు పతకం. అదుపు లేని దెబ్బకు లెక్క లేదని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద దృష్టాంతం దొరకదు. పారిస్ 2024లో కరాటేకు చోటే లేకపోయింది.

ఉపమాలంకారం మాత్రం స్వాతంత్ర్య దినం నాడు చూడాలి. మంగళూరు పెంకులు దొంతరగా పేర్చి, అరచేతి అంచుతో ఫెళ్లున పగలగొడతారు. చప్పట్లు. పెంకుల నడుమ చిన్న కర్రముక్కలు పెట్టి సందు వదలడం ఇందులో కిటుకు. సందు లేకుండా పేరిస్తే పని బాగా కష్టమవుతుంది. పెంకు ఉపమానం, దుండగుడు ఉపమేయం. కానీ పెంకు పక్కకు తప్పుకోదు, తిరగబడదు, పక్కనే ఇద్దరు స్నేహితులను తెచ్చుకోదు. సామాన్య ధర్మం లోపించింది కనుక ఇది లుప్తోపమ.

‘బ్లాక్ బెల్ట్ మాస్టర్‌చే’. తృతీయా విభక్తి. నల్లబెల్టు కరాటేది కాదు, జూడో నుంచి తెచ్చుకున్నది. 1882లో కొదోకాన్ స్థాపించిన జిగోరో కానో ఆ దశకంలోనే పై శిష్యులకు నల్ల పటకా కట్టించాడు. ఫునకోషి దాన్ని అరువు తెచ్చుకుని 1924లో తన శిష్యులకు మొదటి ‘దాన్’ ఇచ్చాడు. తెల్లబెల్టును ఏళ్ల తరబడి ఉతక్కుండా కట్టుకుంటే చెమటకూ మట్టికీ నల్లబడిందనే కథ ప్రక్షిప్తం, పరిష్కర్తలు తొలగించాలి. తెలుపుకూ నలుపుకూ మధ్య పసుపు, ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగుల వరుసలో ఒక్కో స్కూలుది ఒక్కో పాఠం; గ్రేడింగ్ ఫీజు మాత్రం సర్వసమ్మతం.

మొదటి నల్లబెల్టును షోదాన్ అంటారు, ఆరంభపు మెట్టు అని అర్థం. అక్షరాభ్యాసం పూర్తయినట్టు లెక్క, పట్టభద్రుడు కాదు. వారానికి రెండు మూడు క్లాసులు చేసేవాడికి అక్కడికి చేరడానికి మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ‘ఏడాదిలో బ్లాక్ బెల్ట్ గ్యారంటీ’ అనే పాఠం కొన్ని తాళపత్రాల్లో, అనగా కొన్ని ఫ్లెక్సీల్లో కనబడుతోంది. అది అపపాఠం.

‘డ్రెస్సు ఉచితం’. తెల్లటి ఈ అంగీ, పైజామా కూడా జూడో వేషం నుంచే వచ్చాయి. ఇరవైయొకటో విద్యార్థి ఎవరన్న ప్రశ్న మీద వ్యాఖ్యాతలు మౌనం వహించారు. అడ్మిషన్ ఫీజులో డ్రెస్సు ఖరీదు ముందే కలిసి ఉందని లోకవాదం. ఉంటే ఉండనీ. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లబట్టలో పిల్లవాడు వీధిలో నడిచి వెళ్తుంటే వాడి నడకే మారుతుంది. ఆ కాస్త నిటారుతనానికి తల్లి ఇచ్చే డబ్బు దండగ కాదు.

‘ఉ. 6 నుండి 7’. ఈ పంక్తి కింద ఉండాల్సిన ఫోను నంబరులో చివరి మూడంకెలను కొత్త సినిమా పోస్టరు మింగేసింది. గ్రంథపాతం. కనుక వివరాలు కావలసినవారు ఒకరోజు పొద్దున్నే గ్రౌండుకు వెళ్లి గట్టు మీద కూర్చోవడమే మార్గం. మాస్టర్ పిల్లల పాదాలు సరిచేస్తున్నాడా, అరుస్తున్నాడా. చిన్నవాళ్ల తలకు దెబ్బ తగలనిస్తున్నాడా. తల్లిదండ్రులు చూస్తుంటే ఇబ్బంది పడుతున్నాడా. నొప్పెట్టిందన్న పిల్లతో ఎలా మాట్లాడుతున్నాడు, ఇవన్నీ ఆ గంటలోనే తెలిసిపోతాయి. రేపు వెళ్లి చూడండి. చూసినందుకు ఫీజు లేదు.