థర్మోస్టాట్ తరఫున వకాల్తా

మా అవుకులో చలికాలం ఎవరింట్లో నీళ్లు కాగకపోయినా తీర్పు ముందే వచ్చేస్తుంది. "థర్మోస్టాట్ పోయింటాదన్నా." గీజరు మూత విప్పేది, చూసేది తర్వాత. ఎలక్ట్రీషియన్ బండికి స్టాండు వేయకముందే ఆ మాట అంటాడు. అరుగు మీద పేపరు చదువుకునే పెద్దాయన తలెత్తకుండా అంటాడు. పాలు పోయడానికొచ్చినాయన కూడా "అదే అయింటాదిలే" అని సాక్ష్యం చెప్పి పోతాడు. నేరం రుజువయ్యేదాకా ముద్దాయి నిర్దోషి అనే సూత్రం బాత్రూము గడప దాకా వచ్చి ఆగిపోతుంది.

ఇంతకీ ఆ ముద్దాయి ఎవరు? చిటికెనవేలి లావు కూడా లేని ఒక కడ్డీ. పైన ఇత్తడి గొట్టం, లోపల ఇన్‌వార్ అనే ఇనుము-నికెల్ మిశ్రమం. వేడికి ఇత్తడి సాగుతుంది, ఇన్‌వార్ దాదాపు కదలదు. ఆ తేడాకే స్విచ్చి టక్కుమని పడి కరెంటు ఆగుతుంది. ఎంత కాలినా చలించని ఈ స్థితప్రజ్ఞుణ్ణి 1896లో కనిపెట్టిన స్విట్జర్లండు శాస్త్రవేత్త షార్ల్ గియోమ్‌కు 1920లో భౌతికశాస్త్రపు నోబెల్ ఇచ్చారు. అంత ఘనమైన సరుకు మా బాత్రూములో ఉంటే, మా ఇంట్లో దాన్ని "ఆ పుల్ల" అంటారు.

మా అమ్మకు ఆ పుల్ల మీద మొదట్నుంచీ గౌరవం లేదు. ఆమె కాలంలో రాగి బాయిలరు ఉండేది. నడుమ పొగగొట్టం, చుట్టూ నీళ్లు, కింద కందికట్టె మంట. దానికి థర్మోస్టాట్ అమ్మ చూపుడువేలే. వేలు ముంచి "స్..." అంటే పోసుకోవచ్చు, "అబ్బా" అంటే చన్నీళ్లు తొలపాలి, ఏమీ అనకపోతే ఇంకో రెండు కట్టెలు ఎగదోయాలి. ఎన్నేళ్లు వాడినా ఆ వేలు మార్చాల్సిన పని పడలేదు.

మా గీజరుకు వచ్చిన జబ్బు ఇదీ: ఎర్రలైటు వెలుగుతుంది, కాసేపటికే ఆరిపోతుంది, నీళ్లు మాత్రం గోరువెచ్చన దగ్గరే ఆగిపోతాయి. ఇలాంటప్పుడు లైటే అసలు సాక్షి. లైటు వెలుగుతూనే ఉండి నీళ్లు మంచులా ఉంటే ఎలిమెంటు తెగినట్టు. కరెంటున్నా లైటే రాకపోతే థర్మోస్టాటునో, దాని మీద కాపలా ఉండే కటౌటునో అనుమానించవచ్చు. లైటు ఎంతకీ ఆరక, వాల్వు దగ్గర ఆవిరి బుసకొడుతుంటే థర్మోస్టాట్ కాంటాక్టులు అతుక్కుపోయి ఉంటాయి. ఆ కేసులో నా కక్షిదారును నేనూ వెనకేసుకు రాను, మెయిను ఆపేసి మాట్లాడతాను.

మా కేసు వేరు. మెయిను ఆపి, నీళ్లు వదిలేసి, కింది బోల్టులు విప్పి ఎలిమెంటు లాగితే రాయి బయటికొచ్చింది. పక్క మండలం కొలిమిగుండ్లలో బెలూం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర వాటి గురించి రాస్తే, 1982-83లో డేనియల్ గెబావర్ బృందం జర్మనీ నుంచి వచ్చి కొలతలు తీసింది. అక్కడ నీళ్లలో కరిగిన సున్నం బొట్టుబొట్టుగా పేరుకుని స్తంభాలు కావడానికి వేల ఏళ్లు పట్టింది. మా గీజరుకు అంత ఓపిక లేదు. బోరు నీళ్లు కాగితే అందులోని కార్బన్ డయాక్సైడ్ లేచిపోతుంది, కరిగి ఉన్న సున్నం గట్టిపడి ఎలిమెంటును పట్టుకుంటుంది. రెండు మూడు చలికాలాలు చాలు, బెలూం బ్రాంచి ఆఫీసు తయారు. టిక్కెట్టు పెట్టలేదంతే.

ఈ ప్రాంతపు రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు బనగానపల్లె, నర్జి, అవుకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల అని దాదాపు మా బస్సు బోర్డుల పేర్లే పెట్టారు. వీటిలో నర్జి, కోయిలకుంట్ల పొరలు సున్నపురాయి. అవుకుది షేల్. అంటే మా ఊరి పేరున్న రాయికి ఈ కేసుతో సంబంధం లేదు, తప్పంతా పక్క ఊళ్లదే. ఈ సంగతి కోయిలకుంట్ల బావకు ఫోన్ చేసి మరీ చెప్పాను. "మా రాయే లేకుంటే మీ ఇండ్లకు సున్నం యాడిదిరా?" అన్నాడు.

ఎలిమెంటుకూ థర్మోస్టాట్ గొట్టానికీ నడుమ ఆ రాయి వంతెన కట్టింది. నీళ్లకు చేరాల్సిన వేడి నేరుగా గొట్టానికి తగిలింది. పాపం, అది తన ఒంటికి తగిలిన సెగను బట్టి నిజాయితీగా స్విచ్చి ఆపింది. పైగా తెల్లారుజామున వోల్టేజీ 230 నుంచి 180కి దిగితే 2 కిలోవాట్ల ఎలిమెంటు 1,200 వాట్ల చిల్లరే ఇస్తుంది. 18 నిమిషాల్లో కాగాల్సిన 15 లీటర్లకు అరగంట పడుతుంది. ఆ నేరమూ పుల్ల మీదే రాస్తారు. ఎండాకాలంలోనూ విడుదల లేదు. మేలో మిద్దెమీది ట్యాంకు నుంచి దిగే నీళ్లకే వేలు కాలుతుంటే, ఆగిపోయిన గీజరును చూసి "ఇదీ చెడిపోయినట్టుందే" అంటుంది మా ఇంటావిడ.

ఎలక్ట్రీషియన్ ఎలిమెంటును నిమ్మఉప్పు నీళ్లలో నానబెట్టి రాయి వదిలించాడు. థర్మోస్టాట్‌కు మీటరు పెడితే కుయ్‌మంది. భేషుగ్గా ఉంది. అయినా అతని చెయ్యి జేబులోని కొత్త డబ్బా మీదికే పోతోంది. "ఎట్లా తెచ్చినా గదన్నా, ఏసేస్తే ఒక పని అయిపోతాది." నిర్దోషికి శిక్షేమిటని వాదించి పాతదాన్నే బిగించేలా చేశాను. అమ్మ వేలు ముంచి "స్..." అంది. కేసు కొట్టేశారు.

అప్పుడే గోడవతల నుంచి పక్కింటాయన కేకేశాడు. "అబ్బాయా, అట్లే మా ఇంటికి రా. ఫ్రిజ్జు సల్లగయితాలేదు."

ఎలక్ట్రీషియన్ డబ్బాను మళ్లీ జేబులో వేసుకున్నాడు. "వస్తాండా పెద్దనాయనా. థర్మోస్టాట్ పోయింటాదిలే."