నెత్తిన ఉండాల్సిన కర్ర

మా రోజుల్లో కర్ర నెత్తిమీద ఉండేది, రాయి కాళ్లకింద ఉండేది. మా చిన్నోడు దాన్ని తలకిందులు చేశాడు. చుట్టూ పలకరాయి గనులున్న మార్కాపురంలో ఇల్లు కట్టి, మేడమీద పడగ్గదికి ఓక్ చెక్క పరిపించాడు. అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిందట. మన పలకరాయేమో ఇక్కణ్ణుంచి ఓడెక్కి పరదేశం ఇళ్లలో నేల పరుచుకోడానికి పోతోంది. నడిసముద్రంలో రెండూ ఎదురుపడితే ఏమనుకుంటాయో!

నేను పలకల ఫ్యాక్టరీలో చట్రాలు బిగించి బతికినవాణ్ణి. రాయి కదలదు, కర్ర కదులుతుంది. ఆ రెంటికీ పెళ్లి చెయ్యడమే మా పని. చట్రానికి తీసే గాడి రాయి మందం కంటే వెంట్రుకవాసి ఎక్కువుండాలి. పచ్చికర్రతో బిగించామా, ఎండలు ముదిరేసరికి మూలలు విచ్చుకుని పలక లొడలొడమనేది. మా మేస్త్రి ప్రతి పలకా చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. చప్పుడైతే మాట్లాడకుండా పక్కన పడేసేవాడు. ఆ పక్కన పడేసిందానికి మాకు కూలి ఉండేది కాదు. (ఆ దుమ్ము తిని దగ్గుతూ పోయినవాళ్లూ ఉన్నారు. మా రోజులన్నీ బంగారమని నేననను.)

1970 దాకా మాది కర్నూలు జిల్లానే. ఇళ్లూ అటువైపు మట్టి మిద్దెలే. దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన చెక్కలు, చవుడు మన్ను. నల్లమల టేకు, ఏగిస, మద్ది కర్రలు పైన గాలాడే చోట ఉండేవి. వాటికి నీళ్లు తగలవు, చెద పడితే కంటికి కనబడుతుంది. కింద బేతంచర్ల నాపరాయి. బిందె బోర్లా పడ్డా చీపురుతో ఊడ్చేస్తే సరి. వానాకాలం వీధి తలుపు బిగుసుకుంటే భుజంతో నెట్టేవాళ్లం. చిత్రిక పట్టిద్దామంటే మా నాయన ఒప్పుకునేవాడు కాదు, "సంక్రాంతికి అదే వదులవుతుందిలే" అనేవాడు. అయ్యేది కూడా.

మావాడు గృహప్రవేశం మే నెలలో పెట్టుకున్నాడు. వడగాలికి పెదవులు పగిలే రోజులు. కర్రలో తేమ అట్టడుగున ఉంటుంది. అప్పుడు తెచ్చిన చెక్కల్ని గోడకీ గోడకీ మధ్య సందు లేకుండా కొట్టి బిగించారు. ఒక్కో చెక్క ఏడంగుళాల వెడల్పు, చూడ్డానికి దర్జాగా ఉంటుందని. కింద స్లాబు మూడు నెలల కిందట పోసి నీళ్లు కట్టింది, దాని కడుపులో తడింకా ఆరనే లేదు. "నాయనా, కట్టలు విప్పి పదిహేనురోజులు ఆ గదిలోనే పడెయ్. మన గాలి వాటికీ అలవాటు కానీ" అన్నాను. "షోరూమువాళ్లు అక్కర్లేదన్నారు నాన్నా" అన్నాడు. షోరూములో పగలూ రాత్రీ ఏసీ. అక్కడ దానికి మార్కాపురం గాలి ఏం తెలుస్తుంది?

కర్ర పొడుగునా పెద్దగా పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందులోనూ దుంగని పక్కవాటుగా కోసిన చెక్క, గుండె నుంచి బెరడు వైపుకి కోసినదాని కంటే దాదాపు రెండింతలు కదులుతుంది. పక్కవాటు కోత ఓక్‌తో పన్నెండడుగుల గది పరిస్తే, తేమ నాలుగు శాతం పెరిగేసరికి అన్నీ కలిసి సుమారు రెండంగుళాలు సాగాలి. గోడలు జరగవు కదా! అక్టోబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. చెక్కల అంచులు లేచి, ప్రతిదీ దోనెలాగా వంగింది. మా కోడలు చీకట్లో కాలు తట్టుకుని గోరు ఊడగొట్టుకుంది. ఫోన్ చేస్తే అవతల్నించి, "సార్, సహజమైన వస్తువు కదా, అలాగే ఉంటుంది" అన్నారట. ఆ ముక్క డబ్బు తీసుకోకముందు చెప్పొచ్చుగా!

పనికొచ్చిన కుర్రాడు లేచిన అంచుల్ని మిషను పెట్టి గీకేస్తానన్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. తడిమీద గీకితే ఎండాకాలం చెక్క ఆరి, అంచులు దిగి, నడుమ ఎత్తు లేస్తుంది. అప్పుడు దోనె పోయి తాబేలు డిప్ప వస్తుంది. గోడవారన అరంగుళం కోయించి, స్కర్టింగ్ కింద దాచమన్నాను. మిగతాది మాఘం చూసుకుంటుందన్నాను.

అంత సరదాగా ఉంటే చేవ తేలిన పాత టేకు కొనాల్సింది. కూల్చిన మిద్దెల దూలాలు దొరుకుతాయి. మేకులు పీకి, మూడంగుళాల సన్నచెక్కలు కోయించుకోవచ్చు. వందేళ్లు మన ఎండా వానా చూసిన కర్ర అది, కొత్తగా నేర్పక్కర్లేదు. టేకు కదలిక ఓక్ కంటే ఎటూ తక్కువే. లేదా, ప్లైవుడ్ లాగా అడ్డంగా నిలువుగా పొరలు అంటించి పైన పలచగా మంచి చెక్క వేసినవి వస్తున్నాయి, అవి ఇంత ఎగరవు. ఆ మాట అంటే మావాడికి చిన్నతనం. అసలు చెక్కే కావాలట.

మార్చికి అంచులు చాలావరకు దిగాయి. ఏప్రిల్‌లో చెక్కల మధ్య సందులు పడ్డాయి. ఎంత పడ్డాయో చూద్దామని పాత డబ్బాలోంచి ఒక బలపం తీసి సందులో దించాను. మొన దిగి నిలబడింది. మనవడు వచ్చి వంగి చూశాడు.

"తాతా, ఇదేంటి?"

సందు ఎందుకొచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. వాడడిగింది బలపం గురించి.