లాడం కొట్టిన పూటే సవారీ చేయమనే సలహాలు

పెళ్ళిళ్ళ కాలం దగ్గరపడితే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వీధుల్లో ఊరేగింపు గుర్రాలకు గిరాకీ పెరుగుతుంది. గుర్రాన్ని నమ్ముకుని బతికేవాళ్ళు ముందుగా లాడాలు మార్పిస్తారు, డాక్టరు దొరికితే పళ్ళు కూడా చూపిస్తారు. అంతవరకూ మంచిపనే. చిక్కంతా ఆ తర్వాత చుట్టూ చేరి చెప్పేవాళ్ళ సలహాలతో.

"ఏం కాదులే అన్నా, నాలుగు వీధులు తిప్పితే లాడం అదే సర్దుకుంటాది." అన్నిటికంటే ఎక్కువగా వినబడే మాట ఇదే. సరిగ్గా కొట్టిన లాడం సర్దుకోవలసిన పని లేదు, కొట్టిన క్షణానే కుదురుగా ఉండాలి. మేకు డెక్క అంచులోని మొద్దు భాగంలోనే దిగితే గుర్రానికి నొప్పి తెలియదు. కొంచెం లోపలికి జరిగి మెత్తని భాగాన్ని ఒత్తితే మాత్రం ఆ బాధ అప్పటికప్పుడే కాక ఒకటి రెండు రోజులకు బయటపడవచ్చు. అందుకే ఒక రోజు ఆగి చూడమనేది. మర్నాడు పొద్దున అరచేతి వెనకవైపుతో నాలుగు డెక్కలూ తాకండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉందా? డెక్క పైనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్ళు ఆనించి మెల్లగా ఒత్తండి. ఆరోగ్యంగా ఉన్న కాలిలో నాడి అందీ అందనట్టు ఉంటుంది. గట్టిగా కొట్టుకుంటుంటే ఏదో తేడా ఉన్నట్టే. తర్వాత గట్టి నేల మీద తాడు వదులుగా పట్టుకుని పరుగునడకలో తిప్పండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలకు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది. ఇవేవీ లేకుంటే నిశ్చింతగా ఎక్కవచ్చు.

"బాగా లోతుగా కోయించు, నాలుగు నెలలు మళ్ళీ చూడక్కర్లేదు." డబ్బు మిగులుతుందని చెప్పే ఈ మాట గుర్రానికి నరకం. డెక్క నెలకు సెంటీమీటరు లోపే పెరుగుతుంది. అడుగు పలచబడ్డ గుర్రాన్ని మన కంకర దారుల మీద నడిపితే, గోళ్ళు మాంసందాకా తీసి ఉత్తకాళ్ళతో నడవమన్నట్టే. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కొద్దికొద్దిగా సరిచేయించడమే పద్ధతి.

పళ్ళ సంగతి చాలామందికి కొత్త. గుర్రం దవడపళ్ళు జీవితమంతా బయటికి వస్తూనే ఉంటాయి, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు. పై దవడ కింది దవడకంటే వెడల్పు. అందుకే పైపళ్ళు బుగ్గవైపు, కిందిపళ్ళు నాలుకవైపు కత్తి అంచులా తేలుతాయి. నమిలిన చెనక్కాయ కట్టె తడి ముద్దలుగా కింద రాలుతుంటే గుర్రం పొగరుబోతని కొట్టకండి, నోరు చూపించండి. డాక్టరు మత్తు ఇచ్చి ఆకురాయితో ఆ అంచులు అరగదీస్తారు.

ఆ వెంటనే వచ్చే సలహా: "పాపం, ఆకలి మీదుంది, ఇన్ని ఉలవలు పెట్టు." ప్రేమతో చెప్పే మాటే అయినా ప్రమాదం. మత్తు పూర్తిగా దిగకముందు గుర్రం సరిగా నమలదు, మింగలేదు. మేత అన్నవాహికలో అడ్డం పడి ముక్కుల్లోంచి తిరిగి వస్తుంది. తల ఎత్తి, చెవులు ఆడిస్తూ, తూలకుండా నిలబడేదాకా మేత దగ్గరికి రానీయకండి. ఆ రోజు సవారీ మాటే వద్దు. తూలే గుర్రం పడితే మీదున్నవాడూ పడతాడు. బుగ్గలోపల పుళ్ళుంటే, కళ్ళెం తగిలేచోట చిన్న పన్ను పీకి ఉంటే, గాయం మానిందని డాక్టరు చెప్పేవరకూ నోట్లో కళ్ళెం పెట్టకూడదు.

కుంటే గుర్రానికి నొప్పి ఇంజక్షను పొడిపించి ఊరేగింపు కానిచ్చేయమనేవాళ్ళున్నారు. నొప్పి తెలియకపోతే గాయపడ్డ కాలు మీదే బరువంతా వేస్తుంది. మేకు దిగిన గాయానికి పసుపు, ఆముదం రాసి ఊరుకోవడం అంతకంటే తప్పు. ధనుర్వాతం పశువులన్నిటిలో గుర్రానికి చాలా తేలిగ్గా సోకుతుంది. ఆ క్రిమి మట్టిలో, లద్దెలోనే ఉంటుంది. టీకా ముందే వేయించి ఉండాలి.

"మన పెద్దోళ్ళు ఇవన్నీ చూసినారా?" అంటారు. చూడకపోతే ఏమవుతుందో చూశారు. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండలో, సముద్రం దాటి వచ్చిన గుర్రమంటే పెద్ద ధనం. దాన్ని సాకడం తెలియక ఎంత నష్టం జరిగేదో అంతకు చాలా ముందే మార్కోపోలో రాశాడు. దక్షిణ తీరానికి దిగిన గుర్రాలు సరైన సంరక్షణ లేక చచ్చిపోయేవనీ, మళ్ళీ మళ్ళీ కొనిపించడానికి వర్తకులు లాడాలు కొట్టేవాళ్ళను ఇటు రానిచ్చేవాళ్ళు కాదనీ ఆయన మాట.

గుర్రం యజమానులారా, లాడాలు, పళ్ళు రెండూ పెళ్ళికి వారం ముందే ముగించండి. పెళ్ళివారూ, గుర్రాన్ని మాట్లాడుకునేటప్పుడు లాడం ఎప్పుడు కొట్టించారని అడగండి. నిన్ననే అంటే, నడిపించి చూపించమనండి. కుంటుతుంటే పెళ్ళికొడుకును కారులో తీసుకెళ్ళండి, 1962కు ఫోన్ చేసి పశువుల అంబులెన్సును పిలిపించండి.