అటక మీది దిండు

నన్ను బూరుగు దూదితో కుట్టారు. తేలికైన దూది, నీళ్ళు పట్టదు. ఇంటావిడ పెళ్ళికి పరుపుతో పాటు ఈ ఇంటికొచ్చాను. పిల్లలకి జ్వరాలొస్తే వాళ్ళ తలలు నా మీదే. ఆవిడ మాత్రం నడుం వాలిస్తే తెల్లారేదాకా కదిలేది కాదు.

47వ ఏట ఆ నిద్ర పోయింది. నెలసరి తప్పి తప్పి వస్తున్న రోజులవి. అర్ధరాత్రి దాటాక ఛాతీలోంచి మెడకీ ముఖానికీ ఆవిరి ఎగదన్నేది. గుండె దడ. చెమటకి నా గలేబు తడిసిపోయేది. నన్ను తిరగేసి చల్లటి వైపు చెంప ఆనించుకునేది. కాసేపటికి చలి పుట్టి దుప్పటి లాక్కునేది. ఇక కునుకు పట్టేది కాదు.

"లేనిపోని ఆలోచనలు పెట్టుకుంటే నిద్రెలా వస్తుంది?" అనేవారు ఆయన. అమ్మాయేమో "దిండు గడ్డలు కట్టిందమ్మా, అందుకే" అని ఫోమ్ దిండు తెచ్చింది. గడ్డలు కట్టిన మాట నిజమే. ఏళ్ళ తరబడి నన్ను ఎండలో వేసిందెవరు? కుట్టు విప్పి దూది విదిలించిందెవరు?

అటకెక్కాను. బొమ్మల కొలువు పెట్టెకీ పాడైన మిక్సీకీ మధ్య పడేశారు. ఎలుక ఓ మూల కొరికింది, దూది రాలుతూనే ఉంది. అది ఆ పడకగది అటకే కాబట్టి రాత్రుళ్ళు అన్నీ వినబడేవి. ఫోమ్ వేడిని పట్టి ఉంచుతుంది. ఆవిడ లేచి కూర్చోవడం ఇంకా ఎక్కువైంది. నింద మాత్రం నాకే మిగిలింది.

చివరికి లేడీ డాక్టరుకి చూపించారు. ఆ రాత్రి ఆవిడ ఆయనతో అంది: "ఈస్ట్రోజెన్ తగ్గుతుంటే, ఒంటి వేడిని అదుపుచేసే మెదడు భాగం చిన్న మార్పుకే బెదిరిపోతుందటండీ. నెలసరి ఆగి 12 నెలలు నిండితే మెనోపాజ్ అంటారు గానీ, ఈ ఆవిర్లు ముందే మొదలై ఏళ్ళపాటు ఉండొచ్చట. నా మనసులో ఏదో ఉండి కాదు." చివరి మాట దగ్గర గొంతు వణికింది. "గురక పెడుతున్నానా అనడిగారు. ఈ వయసులో నిద్రలో ఊపిరి ఆగే జబ్బు పెరుగుతుందట. అది మీరే చెప్పాలి."

థైరాయిడ్‌కీ రక్తహీనతకీ పరీక్షలు చేయించారు. మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేసింది. నూలు నైటీ, పక్కన ఫ్యాను. 20 నిమిషాలకీ నిద్ర రాకపోతే మంచం దిగి హాల్లో కూర్చోవడం, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకి లేవడం. వీటితో తగ్గకపోతే హార్మోన్ మందు ఉంది గానీ, రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డల చరిత్ర చూసుకునే ఇస్తారట. ఆవిర్లు పూర్తిగా పోలేదు. వచ్చినా మళ్ళీ నిద్రపోతోంది.

భోగికి నన్ను మంటలో వేద్దామని ఆయన దించారు. ఆవిడ లాక్కుంది. డాబా మీద కుట్టు విప్పి దూది ఎండబెడుతుంటే పక్కింటావిడ వచ్చింది.

"నాకూ రాత్రుళ్ళు ఒళ్ళంతా మంటలే వదినా. కోడలితో చెప్పుకోలేక మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకుంటున్నా."

ఆవిడ చేతిలోని నా దూది కింద పెట్టేసింది. "ఆ మాత్రలు కూడా డాక్టరుకి చూపిద్దాం, దాచకు. సోమవారం నేనూ వస్తాను, పద."