చివరిదాకా చూడండి

వీడియో బాబాయి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. పేరుకు బాబాయే గానీ, మీ ఇంట్లో మేనమామ కావచ్చు, పై ఫ్లాటులో రిటైరైన ఏఈ గారు కావచ్చు. ఆయన్ని మాత్రం గుడ్‌మార్నింగ్ గులాబీల బ్యాచ్‌లో కలపకండి, నొచ్చుకుంటారు. సూర్యుడు ఓంకారం పలుకుతున్నాడని నాసా తేల్చిందంటూ గ్రూపులో ఎవరైనా పెడితే, "ఆధారం?" అని ఒక్క మాట అడిగి, పెట్టినవాళ్లకు ఆ పూట అన్నం సయించకుండా చేస్తారు. ఆయన సరుకు వేరు. వంతెనలు, ఓడలు, కాలువలు, కోటలు. నలభై నిమిషాలకు తగ్గితే ఆయన లెక్కలో అది వీడియో కాదు, ప్రకటన.

తెల్లవారుజామున ఐదింటికి లింకు దిగుతుంది. కింద ఒకటే ముక్క: "చివరిదాకా చూడండి." ఏడింటికి ఫోను. "చూశావా?" చూడలేదంటే చిక్కు, చూశానంటే ఇంకా చిక్కు, వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. పెద్దకోడలు దీనికో ఉపాయం కనిపెట్టింది. ఏ లింకు వచ్చినా తెరవకుండానే, "అయ్యో, చివరికి అలా అయిందా మావయ్యా!" అనేది. 1628లో స్టాక్‌హోమ్‌లో బయల్దేరిన వాసా యుద్ధనౌకకు ఆ మాట చక్కగా అతికింది. తొలి ప్రయాణంలోనే, పట్టుమని కిలోమీటరున్నర కూడా పోకుండా, గాలి విసురుకు ఒరిగి, ఫిరంగుల కిటికీల్లోంచి నీళ్లు చొరబడి మునిగింది కదా. అమెరికాలో టకోమా వంతెనకూ అతికింది. 1940 జులైలో తెరిచారు, నవంబరులో గాలికి ఉయ్యాలలా ఊగి కూలింది. మూడోది స్కాట్లాండులోని ఫాల్‌కర్క్ చక్రం. "అయ్యో, అలా అయిందా!" అంది కోడలు.

"ఏమీ కాలేదమ్మా, 2002 నుంచి నిక్షేపంగా తిరుగుతోంది" అని ఆయన కాఫీ చల్లారేదాకా వివరించారు. కింది నీళ్లలోని పడవను 24 మీటర్లు పైకెత్తి పై కాలువలో వదిలే చక్రమట. రెండు కొసలా రెండు నీళ్లతొట్లు. తొట్టిలోకి వచ్చిన పడవ సరిగ్గా తన బరువంత నీటిని బయటికి నెట్టేస్తుంది గనక, పడవ ఉన్నా లేకున్నా రెండు తొట్ల బరువూ సమానమే. అందుకే ఒక్క అరచుట్టుకు ఎనిమిది కెటిళ్ల నీళ్లు మరిగించే కరెంటు చాలు. కోడలికి నిజంగానే నచ్చింది. పైకి చెప్పలేదు, చెబితే ఏమవుతుందో తెలుసు.

ఆయన ఇంటికే వెళ్లామా, ఇక తప్పించుకునే దారి లేదు. ఫోను మన చేతికివ్వరు. తానే పట్టుకుని, మధ్యమధ్యలో ఆపి, రాబోయేది ముందే చెప్పేసి, ఆ తర్వాత చూపిస్తారు. గమనించారో లేదో, అప్పుడాయన కళ్లు తెర మీద ఉండవు, మన మొహం మీద ఉంటాయి. "ఇదిగో, ఇప్పుడు, ఇప్పుడు..." అంటూ మన కనుబొమలు ఎప్పుడు లేస్తాయా అని కాచుకుంటారు. లేచాయా, ఆ పూట భోంచేసే వెళ్లాలి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన చెప్పింది విని ఆశ్చర్యపోయినవాడు ఒక్కడూ తగల్లేదేమోనని నా అనుమానం.

కళ్లెదుట ఉన్నదాని మీద మాత్రం ఆయనకు అంత గురి లేదు. ఓసారి బంధువులందర్నీ గోల్కొండకు తీసుకెళ్లారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద గైడు చప్పట్లు కొడుతున్నాడు. ఆ చప్పుడు దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీద బాలా హిస్సార్‌లో వినిపిస్తుందని ప్రసిద్ధి. బాబాయి ఓ పక్కన నీడ చూసుకుని, ఆ చప్పట్ల మీదే ఒక వీడియో పెట్టి, "ఇందులో ఇంకా బాగా వినబడుతుంది, ఇలా రండి" అని పిలిచారు. సగంమంది వెళ్లారు కూడా.

ఇంతటి మనిషికి మనమేదైనా చూపించబోతే ఓపిక ఉండదు. మొన్న మనవడు, కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట ఎలా పూర్తిచేశాడో చెప్పే వీడియో ఒకటి ముచ్చటపడి పంపాడు. తాతగారు అర నిమిషం చూశారు. తర్వాత పాత మెసేజీలన్నీ వెనక్కి జరుపుతూ జరుపుతూ పోయి, ఒకచోట వేలు ఆపారు.

"ఇది నేను నీకు నాలుగేళ్ల కిందటే పంపాను. చాలా బాగుంది తాతా, చివరిదాకా చూశానన్నావు కదరా?"