అమ్మకమునకు అభావము

నేలపై కుండ లేదన్నపుడు ఆ లేకపోవుట యెట్టి వస్తువని విచారించిన వైశేషికులు, ద్రవ్యము మొదలు సమవాయము వరకు గల ఆరు పదార్థములకు తోడు అభావమును ఏడవ పదార్థముగా అంగీకరించిరి గాని, ఆ అభావమును అట్టపెట్టెలో నునిచి, పట్టుదారము కట్టి, వెలచీటి అంటించి విక్రయింపవచ్చునన్న సూక్ష్మము వారి మేధకు తట్టలేదు. ఆ లోపమును నేడు మొయినాబాదు, చేవెళ్ల మార్గమునందలి ఫాంహౌసుల వారాంతపు విందులు పూరించుచున్నవి. హైదరాబాదు నగరమునుండి విచ్చేయు సంపన్నులకు అచ్చట వడ్డింపబడు కేకునందు గ్లూటెన్ లేదు, పాలు లేవు, వెన్న లేదు, పంచదార లేదు. ఇన్ని లేములు ఒక్కచోట సమకూడిన ఆ వస్తువునకు వెల మాత్రము పుష్కలముగా కలదు.

నా పరిహాసము రోగిపై గాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యములందుండు గ్లూటెన్ సీలియాక్ రోగము కలవారి చిన్నప్రేవుల లోపొరను నిజముగనే ధ్వంసము చేయును. గోధుమను మాన్పించినచో ఆ రోగపు బిడ్డలు తేరుకొందురని డచ్చి శిశువైద్యుడు విల్లెం డికే 1950లో తన పరిశోధన గ్రంథమున ప్రకటించిన పిదప, ఆ పథ్యమే వారికి ఔషధమైనది. ప్రపంచమున నూటికొకరు అటునిటుగా ఈ రోగపీడితులని వైద్యుల అంచనా. మన దేశమున గోధుమ తినెడి ఉత్తరాదిని ఇది హెచ్చు, దక్షిణాదిని తక్కువ. ఆ అభాగ్యులకు విధియైన పథ్యమును, ఏ రోగమును లేని ఆరోగ్యవంతులు ఆభరణముగా ధరించి ఊరేగుటయే ఇచ్చటి వినోదము.

గ్లూటెన్ చేయు పని యేమన, తడిసిన పిండిని జిగురుగా సాగదీసి, లోపల పుట్టిన వాయువును బంధించి, రొట్టెను పొంగజేయుట. దానిని వెడలగొట్టినంతనే కేకు ఇసుకవలె రాలును గనుక, ఆ కొరత తీర్చుటకు కర్రపెండలపు పిండిని, ఇసబ్‌గోలు పొట్టును, జాంథన్ గమ్ అను గోందును ఆశ్రయింపవలసి వచ్చుచున్నది. ఈ గోందు జాంథోమొనాస్ కాంపెస్ట్రిస్ అను సూక్ష్మజీవి చక్కెరను పులియబెట్టగా ఏర్పడునది. ఆ జీవియే క్యాబేజీ మడిలో నల్లకుళ్లు తెగులై దిగినపుడు చేవెళ్ల రైతు తల పట్టుకొనును; దాని ప్రసాదమే కేకులోనికి దిగినపుడు పట్నవాసి ప్రకృతి ఒడికి చేరితినని కన్నులు మూసికొనును. గోందు హానికరమని నేననను, ఆహారమున దాని వాడుక అనుమతింపబడినదే; అయినను ప్రకృతి పేరు చెప్పి పరిశ్రమ వాకిట నిలుచుట వింతయే కదా!

పంచదార నిష్క్రమించిన చోట బెల్లము, తాటిబెల్లము, కొబ్బరిచక్కెర, ఖర్జూరపు పాకము కొలువుదీరినవి. ఇందు మొదటి మూడింటిలో అధికభాగము పంచదారలోని సుక్రోజే యన్న సంగతి నాలుకకు తెలియకున్నను నెత్తురునకు తెలియును. తేనెను, పాకములను సైతము ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల పద్దులోనే వ్రాసి, దినమునకు వలయు శక్తిలో పదవవంతుకు లోబడి వాడుడని హెచ్చరించినది. రంగు మారినంత మాత్రమున శర్కర సన్న్యసించినట్లు కాదు.

ఆ కేకునకు తగిలించిన ‘ఎలర్జీ కలవారికి మిత్రము’ అన్న బిరుదు మరింత సాహసోపేతమైనది. గోధుమపిండికి బదులు బాదంపిండిని, ఆవుపాలకు బదులు బాదంపాలను గుమ్మరించి, ఎవ్వరికిని కీడు చేయనిదని చాటుచున్నారు గదా, దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2020 నిబంధనలలో సరకుపై తప్పక ప్రకటింపవలసిన ఎలర్జీ కారకముల పట్టికలో గోధుమజాతి, పాలు, గుడ్లు, సోయా, పల్లీల సరసనే బాదము మొదలగు గింజపప్పులను కూర్చుండబెట్టినది. బాదము పడని బిడ్డకు ఈ మిత్రుని ఆలింగనము ధృతరాష్ట్రుని ఆలింగనమే.

ఇక ఈ దేశమునకు కొత్తగా జొన్నను పరిచయము చేయుచున్నవారి దయను ఏమని కొనియాడుదును? దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె తరతరముల అన్నము. తొలి ఏకాదశికి జొన్నపేలాలు దంచి బెల్లము కలిపి చేయు పేలపిండిలోను, సంక్రాంతికి బియ్యపుపిండి, నువ్వులు, వాముతో చుట్టు సకినములలోను గోధుమయు లేదు, పాలును లేవు, పంచదారయు లేదు. వానిని చుట్టిన అవ్వ ఆ లేమికి ఎన్నడును రుసుము అడుగలేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యము వచ్చి జొన్నను బీదల తిండియని పళ్లెమునుండి నెట్టినపుడు మౌనము వహించిన నాగరికులే, ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటింపగనే, ఆ జొన్ననే బిస్కత్తుగా మార్చి రైతుబిడ్డకు అందని వెలకు అమ్మజూచుచున్నారు. జొన్న అమృతమని నేననుకొనుట లేదు: దానినే ప్రధానాహారముగా తినువారికి వచ్చు పెల్లాగ్రా అను రోగమునకును, అందలి ల్యూసిన్ అను అమైనో ఆమ్లమునకును సంబంధము కలదని పరిశోధకులు గోపాలన్, శ్రీకంటియాలు 1960లోనే సూచించిరి. సకినము నూనెలో వేగినదే, నువ్వులు పడనివారును కలరు. ఏ తిండియు బిరుదులచేత పవిత్రము కాదు.

లేదని వ్రాసినంత మాత్రమున లేకపోవుట సిద్ధింపదని ఆ మొయినాబాదు, చేవెళ్ల మండలముల వారికి వేరుగా బోధింపనక్కరలేదు. నగరపు జంట జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ జీవో 84 గ్రామములందు కట్టడములను కట్టడి చేసినది. కాగితముపై నిషేధము, నేలపై విశ్రాంతి భవనము ఏకకాలమున వర్ధిల్లినవి. అదే మొయినాబాదు మండలమున చిలుకూరు బాలాజీ ఆలయములో హుండీ నిజముగనే లేదు. ఆ లేమిని చూచుటకు టిక్కెట్టు లేదు.

నిజమైన రోగికి వలసినది బిరుదు గాదు, జాగ్రత్త. గ్లూటెన్ లేదని వ్రాయవలెనన్న కిలో ఆహారమున అది 20 మిల్లీగ్రాములకు లోబడి యుండవలెనని నిబంధన. గోధుమలు ఆడిన గిర్నిలోనే జొన్నలు ఆడించినచో ఆ హద్దు ఏనాడో దాటిపోవచ్చును. కావున పాఠకులారా, అట్టి తినుబండారము కొనునపుడు ఇందేమి లేదని గాక ఏమేమి ఉన్నదని, పిండి యే గిర్నిలో ఆడించితిరని, పరీక్ష చేయించిన కాగితమేదని అడుగుడు. చూపగలవానికి అడిగిన వెల ఇండు. చూపలేనివాడు పెట్టెపైనుండి ఆ మాట చెరిపివేయవలెను.